డబ్ల్యూ గడి

నా తలరాత తలకిందుల రాత.
బ్రాడ్‌ఫర్డ్‌లో, కాలువ వెనక సందులో,
ముప్పై ఏళ్ళుగా సీసపు అక్షరాల్ని
బోర్లించి పేరుస్తున్నాను, బోర్లించే చదువుతున్నాను.
కవులు నాకు ముఖాలతో తెలియరు.
వాళ్ళ కాగితం వచ్చిన రోజు
ఏ గడి ముందు ఖాళీ అవుతుందో, అదే వాళ్ళ పోలిక.

మొదట్లో ఎల్ గడి.
లేకులు, లిల్లీలు, లవ్వులు, లాంగింగులు.
టీ వేళకల్లా వేళ్ళకి అడుగుచెక్క తగిలేది.
కిటికీ అవతల ఇరవై పొగగొట్టాలు,
కాగితం మీద మాత్రం ఎప్పుడూ వెన్నెల.
నాకేం? వెయ్యి అక్షరాలకి ఆరు పెన్నీలు,
వెన్నెలకైనా అంతే, మసికైనా అంతే.

అప్పుడొచ్చాడు ఏబెల్ థ్రోస్బీ.
తోళ్ళు నానబెట్టేవాడి కొడుకు, కోటుకి ఇంకా ఆ వాసన.
మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో బల్ల గుద్ది
ఒక శాలువా ఖరీదు లెక్కగట్టాడు:
ఉన్ని ఇంత, రంగు ఇంత,
టేమర్ సట్‌క్లిఫ్ అనే పిల్ల
కుడిచేతి రెండు వేళ్ళు ఇంత.
ముందు వరసలో కూర్చున్న కవుల వైపు తిరిగాడు.
“మీ పద్యంలో మంచు కురిసింది, సరే.
ఆ వారం బొగ్గు బస్తా ఎంతకి అమ్మారు?”

ఎవరూ పలకలేదు. ఒకాయన దగ్గాడు.

వసంతానికల్లా కాగితాలు మారిపోయాయి.
వీవర్, వేజెస్, విడో, వాంట్, వర్క్‌హౌస్.
డబ్ల్యూ గడి పొద్దున్నే అడుగంటింది.
లీడ్స్ నుంచి కొత్త సరుకు వచ్చేదాకా ఆగలేక
పెద్దక్షరాల్లో ఒక పని చేశాను:
ఎవరూ అడగని మూన్‌లోంచి ఎమ్‌ని తీసి
తిరగేసి నిలబెట్టాను.
కాస్త గూనిగా, కాళ్ళు పైకెత్తుకుని,
అది డబ్ల్యూ అయింది.
ఆ ఏడాది పుస్తకం ఎక్కడైనా దొరికితే చూడండి.
వర్క్ అన్నచోట
వెల్లకిలా పడ్డ చంద్రుడి కాళ్ళు కనిపిస్తాయి.

హెస్టర్ క్రోల్ ఒక్కతే మారలేదు.
మిల్లు చీటీల వెనక పెన్సిలుతో రాసి తెచ్చేది,
అన్నీ వయొలెట్ పూలే.
“థ్రోస్బీ గారి మాట వినలేదా?” అన్నాను.
“పదిగంటలు మగ్గాల ముందు నిలబడి వచ్చాను జేబెజ్,
రాత్రి పద్యంలో కూడా నిలబడమంటావా?”
కూర్చోమని స్టూలు జరిపాను.

థ్రోస్బీ ప్రూఫు దిద్దడానికి వచ్చిన రోజు
మధ్యాహ్నం ఏం తిన్నావని అడిగాడు. ఏ కవీ అడగలేదు.
మటన్ పై, అన్నాను.
తర్వాతి కరపత్రంలో అది ఎండురొట్టె అయింది.
నా భోజనాన్ని నేనే తలకిందులుగా పేర్చి
ఒక్క అచ్చుతప్పు లేకుండా అచ్చేశాను.

ఆంబ్రోస్ వేవర్టన్ సంగతి వేరు.
ఆయన పద్యంలో నేతగాళ్ళవి
“ఓర్పు గల చేతులు” అని ఉంది.
నా చేతులకేసి చూసుకున్నాను. సీసం ఎక్కి
చూపుడువేలు అప్పటికే మొద్దుబారింది.
ఆ మాట ముందు రెండక్షరాలు చేర్చాను, ఐ, ఎమ్.
మా ఇంగ్లీషులో ఓర్పు నశించడానికి అంతే దూరం.
పాదం కుంటింది.
కుంటనీ, అనుకున్నాను.

ప్రూఫు వెళ్ళింది, దిద్దకుండా తిరిగొచ్చింది.
థ్రోస్బీ ఆ పాదాన్ని నిండు సభలో రెండుసార్లు చదివి
“ఇన్నాళ్ళకి ఒక కవికి చెవులొచ్చాయి” అన్నాడు.
వేవర్టన్ లేచి తల వంచాడు.
వెనక బెంచీ మీంచి నేనూ చప్పట్లు కొట్టాను,
అందరికన్నా కాస్త ఆలస్యంగా.

ఇంటికి నడుస్తూ లెక్కేసుకున్నాను.
రెండక్షరాల కూలి
ఫార్దింగులో ఇరవయ్యో వంతు కూడా కాదు.
అయినా బిల్లులో కలిపాను.